చుక్క దొరికితే సరిపోదు: గ్రహశకలానికి నంబరు పడేదెప్పుడు, పేరు పెట్టేదెవరు

"ఫలానా స్కూలు తొమ్మిదో తరగతి విద్యార్థిని గ్రహశకలాన్ని కనిపెట్టింది, నాసా దానికి ఆమె పేరు పెట్టబోతోంది." ఏటా ఎక్కడో ఒకచోట ఈ వార్త వస్తుంది. వెంటనే చెన్నై తెలుగువాళ్ళ వాట్సాప్ గ్రూపుల్లో చప్పట్లు మోగుతాయి. పిల్లల కష్టం నిజమే, దాన్ని తీసిపారేయక్కర్లేదు. కాకపోతే ఆ ఒక్క వాక్యంలోనే మూడు తప్పులున్నాయి. కనిపెట్టడం ఇంకా పూర్తికాలేదు. పేరు ఖాయం చేసేది నాసా కాదు. కనిపెట్టినవాళ్ళు తమ పేరే పెట్టుకోవడం ఈ రంగంలో మర్యాదా కాదు.

ఆ వార్తల వెనక చాలాసార్లు ఉండేది ఐఏఎస్‌సీ (ఇంటర్నేషనల్ ఆస్ట్రానమికల్ సెర్చ్ కొలాబరేషన్) అనే అంతర్జాతీయ కార్యక్రమం. టెక్సస్‌లోని హార్డిన్-సిమన్స్ యూనివర్సిటీ కేంద్రంగా 2006 నుంచి నడుస్తోంది. హవాయిలో హలేయకల కొండ మీదున్న 1.8 మీటర్ల పాన్-స్టార్స్ టెలిస్కోపు తీసిన ఫొటోలను నాలుగేసి చొప్పున స్కూళ్ళకు పంపుతారు. నాలుగూ ఒకే ఆకాశపు ముక్క, మధ్య మధ్య కొంత వ్యవధితో తీసినవి. పిల్లలు ఆస్ట్రోమెట్రికా అనే సాఫ్ట్‌వేర్‌లో వాటిని ఒకదాని తరువాత ఒకటి ఆడించి చూస్తారు. నక్షత్రాలు కదలవు, గ్రహశకలం కదులుతుంది. కదిలిన చుక్కను కొలిచి రిపోర్టు పంపితే, అది తెలిసిన వస్తువుల జాబితాలో లేకపోతే "ప్రిలిమినరీ" అని సర్టిఫికెట్ వస్తుంది. పత్రికకెక్కేది ఈ మెట్టు దగ్గరే. దీని పైన "ప్రొవిజనల్" మెట్టు ఉంది, ఆ పైన "నంబర్డ్". పేరు సంగతి నంబరు పడ్డాకే. మొదటి మెట్టు ఎక్కినవాటిలో ఎక్కువ భాగం అక్కడే ఆగిపోతాయి. కొన్ని తెలిసినవే అని తేలతాయి, కొన్ని మళ్ళీ ఎవరికీ కనపడవు, కొన్ని అసలు గ్రహశకలాలే కావు.

నంబరు ఎందుకంత ముఖ్యమో తెలియాలంటే మొట్టమొదటి గ్రహశకలం కథ చాలు. 1801 జనవరి 1న ఇటలీలోని పలెర్మోలో ఖగోళవేత్త పియాజీ సెరెస్‌ని చూశాడు. ఫిబ్రవరి 11 దాకా వెంటాడాడు, తరువాత అది సూర్యుడి వెలుగులోకి పోయింది. కనిపెట్టడమైతే అయింది కానీ వస్తువు చేజారింది. గణితవేత్త గౌస్ ఆ 41 రోజుల కొలతల్లోంచి కక్ష్య లెక్కకట్టి ఎక్కడ వెతకాలో చెప్పబట్టి ఆ ఏడాది చివరి రోజుకి మళ్ళీ దొరికింది. వస్తువును ఒకసారి చూడటం వేరు, పదేళ్ళ తరువాత ఫలానా రాత్రి ఫలానా చోట ఉంటుందని చెప్పగలగడం వేరు. నంబరు అంటే ఆ రెండోదానికి వేసే ముద్ర.

చెన్నైలో కూర్చుని ఈ సంగతులు మాట్లాడుకోవడానికి మనకు హక్కుంది. ఆసియా ఖండం నుంచి కనిపెట్టిన తొలి గ్రహశకలం నుంగంబాక్కంలోనే దొరికింది. 1861 ఏప్రిల్ 17న మద్రాసు అబ్జర్వేటరీలో నార్మన్ పాగ్‌సన్ దాన్ని పట్టాడు. ఖండం పేరునే 67 ఏషియా అన్నారు. ఆయన మద్రాసులో ఉండగా మరో నాలుగు దొరికాయి: 1864 మే 2న 80 సాఫో, 1866 మే 16న 87 సిల్వియా, 1868 నవంబరు 17న 107 కెమిల్లా, 1885 ఫిబ్రవరి 6న 245 వేరా. ఈ తేదీలు చూస్తే మద్రాసు ఆకాశం ఎప్పుడు పనికొస్తుందో తెలిసిపోతుంది. అయిదింట్లో నాలుగు ఫిబ్రవరికీ మే నెలకీ మధ్యవే. నవంబరులో కెమిల్లా దొరకడం ఈశాన్య రుతుపవనం ఇచ్చిన మినహాయింపు అనుకోవాలి. పనిలో పనిగా ఇంకో ముచ్చట: వేరాకి ముందు నంబరు 244, అది సీత. మన రామాయణం సీతే. కాకపోతే దాన్ని 1884లో వియన్నాలో పలీసా కనిపెట్టాడు.

అప్పుడు ఫొటోలు లేవు. ఫొటో పలకతో తొలి గ్రహశకలాన్ని మాక్స్ వోల్ఫ్ పట్టింది 1891లో, పాగ్‌సన్ చనిపోయిన ఏడాదే. అంతకుముందు పద్ధతంతా కంటితోనే. సూర్యుడు నడిచే దారికి చుట్టుపక్కల ఆకాశాన్ని ముక్కలుగా పంచుకుని, ప్రతి ముక్కలోని నక్షత్రాలను కాగితం మీద గుర్తించుకోవాలి. మరో రాత్రి కాగితంలో లేని చుక్క కనిపిస్తే దాన్ని పట్టుకుని గంటలకొద్దీ చూడాలి. కదిలితే గ్రహశకలం. కదలకపోతే వెలుగు హెచ్చుతగ్గులయ్యే నక్షత్రం కావచ్చు. అదే అబ్జర్వేటరీలో పనిచేసిన చింతామణి రఘునాథాచారి 1867లో ఆర్ రెటిక్యులీ అనే అలాంటి నక్షత్రాన్నే కనిపెట్టారు. రెండు వెతుకులాటలకూ పటం ఒకటే, ఓపికా ఒకటే.

ఆ భవనం ఇప్పుడు లేదు. వాతావరణ శాఖ ప్రాంతీయ కేంద్రం ఆవరణలో 1792 నాటి గ్రానైట్ స్తంభం మాత్రం మిగిలింది. టెలిస్కోపు కదలకుండా నిలబెట్టడానికి వేసిన స్తంభం అది. దాని మీద తమిళంతో పాటు తెలుగులోనూ చెక్కిన రాత ఉంది. చెన్నైలో ఉన్న తెలుగువాళ్ళు ఒక్కసారైనా చూడదగ్గది.

1885 తరువాత మన దేశం నుంచి ఇంకో గ్రహశకలం దొరకడానికి 103 ఏళ్ళు పట్టింది. అదీ మనకు దగ్గరే. జవ్వాది కొండల్లో వాణియంబాడి నుంచి ఆలంగాయం మీదుగా వెళితే వచ్చే కావలూరు. బెంగళూరులోని భారత ఖగోళ భౌతిక సంస్థ అక్కడ నడిపే వేణు బప్పు అబ్జర్వేటరీలో 45 సెంటీమీటర్ల ష్మిట్ టెలిస్కోపు ఉంది. 'కల్కి' అనే వెతుకులాట పథకంలో భాగంగా ఆర్. రాజమోహన్ 1988 ఫిబ్రవరి 17న ఒకదాన్ని పట్టారు. ఇప్పుడది 4130 రామానుజన్. కావలూరులో ఆయన కనిపెట్టినవే 5178 పట్టాళి, 8348 భట్టాచార్య కూడా.

రామానుజన్ పేరు పెట్టకముందు దాని తాత్కాలిక గుర్తు 1988 డీక్యూ1. ఇది చదవడం వస్తే ఏ గ్రహశకలం పుట్టుపూర్వోత్తరాలైనా చెప్పొచ్చు. మొదటి భాగం ఏడాది. తరువాతి అక్షరం ఆ ఏడాదిలో ఏ పక్షమో చెబుతుంది. జనవరి 1 నుంచి 15 దాకా ఏ, 16 నుంచి 31 దాకా బీ, ఫిబ్రవరి మొదటి సగం సీ, రెండో సగం డీ. ఐ అక్షరాన్ని వదిలేస్తారు, ఒకటితో పొరబడతారని. అలా డిసెంబరు రెండో సగానికి వై వస్తుంది. ఫిబ్రవరి 17 కాబట్టి డీ. ఆ పక్షంలో దొరికిన వరుస సంఖ్య మిగతా భాగంలో ఉంటుంది. ఐ కాకుండా 25 అక్షరాలు, అవి అయిపోతే పక్కన 1 వేసి మళ్ళీ మొదలు. క్యూ పదహారో అక్షరం. ఒక పూర్తి చుట్టు 25, దాని పైన 16. అంటే ఆ పక్షంలో గుర్తు పొందిన వాటిలో 41వది. పండిట్ జస్‌రాజ్ పేరు పెట్టిన 300128 నంబరుది 2006 వీపీ32. నవంబరు మొదటి సగం, 32 చుట్లు, ఆపైన 15. అంటే 815వది. పద్దెనిమిదేళ్ళలో వెతుకులాట ఎంత పెరిగిందో ఈ రెండు సంఖ్యలే చెబుతాయి.

సరే, మన మిద్దె మీద 20 సెం.మీ. టెలిస్కోపుంది, కొత్తది దొరుకుతుందా? దాదాపు దొరకదు. ఎందుకు దొరకదో పాగ్‌సన్ కొలబద్దతోనే లెక్కవేయొచ్చు. నక్షత్రాల వెలుగుకి ఇప్పటికీ వాడే మాగ్నిట్యూడ్ కొలతను 1856లో స్థిరపరిచింది ఆయనే. సంఖ్య పెరిగేకొద్దీ వెలుగు తగ్గుతుంది. ఒక మాగ్నిట్యూడ్ తేడా అంటే 2.512 రెట్లు, అయిదంటే సరిగ్గా 100 రెట్లు. చెన్నై నడిబొడ్డున, దీపాల వెలుతురులో, 20 సెం.మీ. అద్దంతో 60 సెకన్ల ఫ్రేములో 17.5 దాకా అందితే గొప్పే. ఇంకా ఎవరికీ దొరకని మెయిన్ బెల్ట్ (అంగారకుడికీ గురుడికీ మధ్య ఉన్న గ్రహశకలాల పట్టీ) వస్తువులు ఎక్కువగా 21 దాటి ఉంటాయి. తేడా మూడున్నర, అంటే పాతిక రెట్లు మసక. ఫ్రేములు కలిపితే కొంత లాభం ఉంది. 36 ఫ్రేములు కలిపితే ఆరు రెట్లు, దాదాపు రెండు మాగ్నిట్యూడ్లు లోతుకి పోవచ్చు. అప్పటికీ 19.5. పైగా పాన్-స్టార్స్, కాటలీనా, అట్లాస్ లాంటి సర్వేలు మబ్బు లేని ప్రతి రాత్రీ ఆకాశాన్ని జల్లెడ పడుతున్నాయి. చిలీలో 8.4 మీటర్ల రూబిన్ అబ్జర్వేటరీ 2025 జూన్‌లో తన తొలి చిత్రాలు బయటపెట్టినప్పుడే, పది గంటల పరిశీలనలో 2,104 కొత్త గ్రహశకలాలు దొరికాయని చెప్పింది. వాళ్ళతో పోటీ పడటం వృథా ప్రయాస.

మిద్దె మీద నుంచి నిజంగా పనికొచ్చేది ఫాలో-అప్. తెలిసిన వస్తువును మళ్ళీ కొలిచి కక్ష్యను బిగించడం. ఇది చిన్న పనేమీ కాదు. ఎవరి చుక్కకైనా నంబరు పడేది ఇలాంటి కొలతలు పోగుపడ్డాకే. ఎలా చేయాలో కాస్త వివరంగా చెప్పుకుందాం. తప్పులన్నీ వివరాల్లోనే జరుగుతాయి.

ముందు పిక్సెల్ లెక్క. కెమెరా పిక్సెల్ సైజుని మైక్రాన్లలో తీసుకుని 206.3తో గుణించి, మిల్లీమీటర్లలో ఉన్న ఫోకల్ లెంగ్త్‌తో భాగించండి. 3.76 మైక్రాన్ల కెమెరా, 1000 మి.మీ. టెలిస్కోపు అయితే పిక్సెల్‌కి 0.78 ఆర్క్ సెకను (డిగ్రీలో 3600వ వంతు ఒక ఆర్క్ సెకను). చెన్నై గాలిలో నక్షత్రం 3 ఆర్క్ సెకన్ల వెడల్పున పరుచుకుంటుంది కాబట్టి 2×2 బిన్నింగ్ (నాలుగు పిక్సెళ్ళను ఒకటిగా కలపడం) పెట్టి 1.55 చేసుకోవడం మేలు. నక్షత్రం రెండు పిక్సెళ్ళ మీదైనా పడాలి, ఒక్కదాని మీదే పడితే కేంద్రం కొలవలేరు. మరీ ఆరేడు పిక్సెళ్ళ మీద పరిస్తే వెలుగు చెదిరి మసక వస్తువులు మాయమవుతాయి.

తరువాత ఎక్స్‌పోజర్. మెయిన్ బెల్ట్ వస్తువు ఆపోజిషన్ దగ్గర, అంటే సూర్యుడికి సరిగ్గా ఎదురుగా ఉండి అర్ధరాత్రి నెత్తి మీదికి వచ్చే రోజుల్లో, నిమిషానికి సుమారు అర ఆర్క్ సెకను పడమరకి జరుగుతుంది. రెండు నిమిషాల ఫ్రేములో ఒక్క ఆర్క్ సెకను, గుండ్రంగానే ఉంటుంది. పది నిమిషాలిస్తే గీత పడుతుంది, కేంద్రం ఎక్కడో తేలదు. అందుకే 60 నుంచి 120 సెకన్ల ఫ్రేములు చాలు. గంటలో వస్తువు 30 ఆర్క్ సెకన్లు కదులుతుంది, కాబట్టి గంటసేపట్లో మూడు నాలుగు కొలతలు పడేలా చూసుకుంటే ఒక రాత్రికి సరిపోతుంది. ఆపోజిషన్‌కి దూరంగా, సాయంత్రం వైపో తెల్లవారుజాము వైపో ఉన్న ఆకాశంలో వెతికితే వస్తువు నిలబడిపోయినట్టుండే రోజులుంటాయి. కదలిక లేక, ఫ్రేములు ఆడించి చూసే బ్లింక్‌లో కనపడదు.

అసలు పీకులాటంతా టైముతోనే. రిపోర్టులో ఉండాల్సింది యూటీసీ (ప్రపంచ ప్రామాణిక సమయం), అదీ ఎక్స్‌పోజర్ నడిమి క్షణం. కెమెరా సాఫ్ట్‌వేర్ ఫొటో ఫైలు (ఫిట్స్) హెడర్‌లో మామూలుగా రాసేది మొదలైన క్షణం. 120 సెకన్ల ఫ్రేములో ఈ తేడా ఒక నిమిషం, అంటే అర ఆర్క్ సెకను. చూడ్డానికి చిన్నదే, కానీ మంచి కొలతకి ఉండాల్సిన తప్పే 0.3 లోపు. టైమ్ జోన్ ఇంకో గుంట. పూర్తి గంటలనే ఒప్పుకునే సెట్టింగులో 5.30 బదులు 5 వేసి ఊరుకుంటే అరగంట తేడా, 15 ఆర్క్ సెకన్లు. లాప్‌టాప్‌లో ఐఎస్‌టీనే యూటీసీ అనుకుని పంపేస్తే 165. ఇవి దాగవు. ఆ రాత్రి కొలిచిన ప్రతి గ్రహశకలమూ తన కక్ష్య వెంటే, ఒకే వైపుకి తప్పి కనిపిస్తుంది. అలా కనిపించిందంటే అద్దాన్నో టెలిస్కోపుని తిప్పే మౌంటునో తిట్టుకోకుండా నేరుగా గడియారం చూడండి. ప్రతి రాత్రీ పని మొదలెట్టే ముందు ఇంటర్నెట్ టైముతో సరిచూసుకోవాలి. లాప్‌టాప్ గడియారాన్ని దాని మానాన వదిలేస్తే సెకన్లు జారిపోతాయి.

ఇక దొంగ చుక్కలు. పిల్లల రిపోర్టుల్లోనూ పెద్దల రిపోర్టుల్లోనూ ఎక్కువ మోసం చేసేది హాట్ పిక్సెల్. సెన్సరు మీద ఒకేచోట వెలుగుతుంటుంది కదా, కదిలేదెలా అనిపిస్తుంది. మౌంటు ఇరుసుని ఆకాశ ధ్రువానికి గురిపెట్టే పోలార్ అలైన్‌మెంట్ సరిగ్గా లేకపోతే నక్షత్రాలు ఫ్రేము నుంచి ఫ్రేముకి మెల్లగా జారతాయి. సాఫ్ట్‌వేర్ నక్షత్రాలను ఒకదాని మీద ఒకటి సర్దుతుంది. అప్పుడు కదలని హాట్ పిక్సెల్ నక్షత్రాల మధ్య తిన్నని గీత వెంట, సమాన వేగంతో, అచ్చం గ్రహశకలంలా నడుస్తుంది. పట్టుకోవడం తేలిక: సర్దక ముందున్న ఫ్రేముల్లో ఆ చుక్క పిక్సెల్ సంఖ్యలు చూడండి. నాలుగింట్లోనూ అవే సంఖ్యలుంటే అది సెన్సరు జబ్బు. ఇంకో గుర్తు, దాని ఆకారం. నక్షత్రం మూడు పిక్సెళ్ళ వెడల్పుంటే ఇది ఒక్కదానిలోనే సూదిమొనలా ఉంటుంది. మూత పెట్టి తీసిన డార్క్ ఫ్రేములను అసలు ఫ్రేముల్లోంచి తీసేస్తే చాలావరకు పోతుంది, కానీ చెన్నైలో దానికో చిక్కుంది. మే నెల రాత్రి బయట 30 డిగ్రీలుంటే కెమెరా కూలర్ −10కి లాగలేక నూరు శాతం మీద నడుస్తూ ఊగిసలాడుతుంది. −10లో తీసిపెట్టుకున్న డార్కులు అప్పుడు సరిపోవు. కూలర్ ఎనభై శాతం లోపు నిలకడగా నడిచే ఉష్ణోగ్రతే పెట్టుకోండి, సున్నా అయినా ఫరవాలేదు. డార్కులూ అక్కడే తీసుకోండి. ఫ్రేముల మధ్య టెలిస్కోపుని కొన్ని పిక్సెళ్ళు అటూ ఇటూ జరపడం, డిథరింగ్, ఇంకా మంచిది. హాట్ పిక్సెల్ గీత చిందరవందరై దొంగతనం బయటపడుతుంది.

సముద్రపు తేమ గురించి ఒక్కమాట. జనవరి రాత్రుల్లో పదకొండు దాటేసరికి అద్దం మీద మంచు పేరుకుంటుంది, ఫ్రేములు క్రమంగా మసకబారతాయి. అద్దాన్ని వెచ్చగా ఉంచే డ్యూ హీటర్ పట్టీ లేకుండా మొదలెట్టొద్దు.

కొలతకి గయా కేటలాగు (నక్షత్రాల కచ్చితమైన స్థానాల పట్టిక) వాడండి. ఫ్రేములో కనీసం కొన్ని పదుల నక్షత్రాలు సరిపోలి, వాటి సగటు తప్పు 0.2, 0.3 ఆర్క్ సెకన్ల దగ్గర ఉండాలి. ఒక్కటి దాటితే ఫోకల్ లెంగ్త్ తప్పుగా ఇచ్చారో, ఫ్రేము అద్దంలో బొమ్మలా తిరగబడిందో చూడండి.

ఇలా చేసిన కొలతలు వెళ్ళాల్సింది మైనర్ ప్లానెట్ సెంటర్‌కి, పొట్టిగా ఎంపీసీ. 1947లో సిన్సినాటీలో మొదలై 1978 నుంచి మసాచుసెట్స్‌లోని కేంబ్రిడ్జిలో ఉంది. మీ మిద్దెకు ముందు అబ్జర్వేటరీ కోడ్ కావాలి, మూడు అంకెలదో అక్షరాలదో. మద్రాసుకి 223, కావలూరుకి 220, హైదరాబాదుకి 218, జాపాల్‌కి 219 ఉన్నాయి. కోడ్ లేనివాళ్ళు మొదటి రిపోర్టులో ఎక్స్ఎక్స్ఎక్స్ అని వేసి, ఇదివరకే నంబరు పడిన కొన్ని గ్రహశకలాలను రెండేసి రాత్రులు కొలిచి పంపాలి. వాటి కక్ష్యలు కచ్చితంగా తెలుసు కాబట్టి మీ తప్పు ఎంతో వాళ్ళకి ఇట్టే తెలిసిపోతుంది. ఇక్కడ ఉబలాటపడి 67 ఏషియాని ఎంచుకోకండి. ఆపోజిషన్‌లో అది పదో పదకొండో మాగ్నిట్యూడ్, లోతైన ఫ్రేములో కాలిపోయి కేంద్రం తప్పుతుంది. 15, 16 దగ్గరవి తీసుకోండి. టెలిస్కోపు ఉన్న చోటు అక్షాంశ రేఖాంశాలు, ఎత్తు జీపీఎస్‌తో తీసుకోండి, అపార్ట్‌మెంట్ చిరునామాతో సుమారుగా వేయొద్దు.

ఇప్పుడు కొత్త చుక్క ఒకటి ఎక్కడో ఎవరికో దొరికిందనుకుందాం. ముందు ఎంపీసీ వెబ్‌సైటులో ఎంపీచెకర్‌లో ఆ స్థానం, ఆ సమయం ఇచ్చి తెలిసినవేమైనా అక్కడున్నాయేమో చూడాలి. నూటికి తొంభైసార్లు ఉంటుంది. లేకపోతే రిపోర్టు పంపాలి. ఒక్క రాత్రి కొలతలే ఉంటే అవి జత దొరకని కొలతల గుట్టలోకి పోతాయి. ఆ గుట్టలో లక్షల కొద్దీ ఉన్నాయి. రెండో రాత్రి కూడా దొరికితే తాత్కాలిక గుర్తు వచ్చే అవకాశం ఉంది. అందుకే రెండో రాత్రి మొదటి రాత్రికన్నా విలువైనది. కనిపెట్టిన ఘనత ఎవరిదో తేల్చే నియమం కూడా 2010 నుంచి దీని మీదే నిలబడింది. ఏ ఆపోజిషన్‌లో రెండో రాత్రి కొలతలు అందరికన్నా ముందు రిపోర్టయ్యాయో ఆ ఆపోజిషన్‌దే లెక్క. అందులో అందరికన్నా ముందు రిపోర్టయిన కొలత ఎవరిదో వాళ్ళకి ఘనత. ఇంతకన్నా ముందెప్పుడో పాత ఫొటోలో పడి ఉన్నా, పట్టించుకోని ఫొటోకి ఘనత లేదు. ఐఏఎస్‌సీ చుక్కల్లో కూడా ఎంపీసీ పట్టికలో డిస్కవరీ సైటు కింద ఫొటో తీసిన టెలిస్కోపే ఉంటుంది.

రెండు రాత్రులతో గీసిన కక్ష్య నెల తిరిగేసరికి ఎటో పోతుంది. మెయిన్ బెల్ట్‌లో నంబరు పడాలంటే మామూలుగా నాలుగు ఆపోజిషన్లలో కనపడాలి. ఒకదానికీ ఇంకోదానికీ మధ్య 14 నుంచి 17 నెలలు. అంటే మొత్తం సుమారు నాలుగేళ్ళు. పాత ఫొటోల్లో వెతికి దొరికించుకుంటే తొందరగా కావచ్చు, మసకదైతే పదేళ్ళూ పట్టొచ్చు. ప్రతి ఆపోజిషన్‌కీ కాలం మారుతుంది కాబట్టి ఏదో ఒకటి మన అక్టోబరు–డిసెంబరు వానల్లో పడనే పడుతుంది. ఆ సారికి వేరే ఖండంలో ఇంకొకరు పట్టాలి. ఒక్కరే మొదటి నుంచి చివరి దాకా చేసే పని కాదిది. ఇప్పటికి నంబరు పడినవి ఎనిమిది లక్షలు దాటాయి. అందులో పేరున్నవి పాతిక వేల పైచిలుకు మాత్రమే. నూటికి మూడు.

పేరు ఖాయం చేసేది అంతర్జాతీయ ఖగోళ సంఘంలోని చిన్న వస్తువుల నామకరణ బృందం. పైసా ఖర్చు లేదు. డబ్బు పుచ్చుకుని గ్రహశకలానికి పేరు పెట్టిస్తామని ఎవరన్నా అంటే అది టోకరా. ప్రతిపాదించే హక్కు కనిపెట్టినవాళ్ళది, నంబరు పడ్డాక పదేళ్ళ దాకా. ఆ గడువు దాటితే వేరేవాళ్ళ ప్రతిపాదననూ బృందం తీసుకోవచ్చు. మన చెన్నై కుర్రాడు విశ్వనాథన్ ఆనంద్ పేరున్న 4538 విషీఆనంద్‌ని 1988 అక్టోబరు 10న జపాన్‌లో కెంజో సుజుకి కనిపెట్టారు. 26 ఏళ్ళకు పైగా పేరు లేకుండా తిరిగింది. ఎంపీసీలో పనిచేసే చదరంగం అభిమాని మైకెల్ రుడెంకో సూచించబట్టి 2015లో ఆనంద్ పేరొచ్చింది. కాబట్టి సొంతంగా ఏదీ కనిపెట్టకపోయినా, ఎవరో కనిపెట్టి పేరు పెట్టకుండా వదిలేసినదానికి వాళ్ళను ఒప్పించి మంచి పేరు పెట్టించడం సాధ్యమే. వార్తకెక్కడం కన్నా ఇదే తేలిక అని నా అభిప్రాయం.

నియమాలు కొన్నే, కానీ గట్టివి. రోమన్ లిపిలో ఖాళీలతో కలిపి 16 అక్షరాలు దాటకూడదు. ఒక్క మాటైతే మంచిది. పలకడానికి వీలుగా ఉండాలి. ఉన్న పేరుకి మరీ దగ్గరగా ఉండకూడదు. కంపెనీల, సరుకుల ప్రచారం కుదరదు. పెంపుడు జంతువుల పేర్లు వద్దంటారు. 2309 మిస్టర్ స్పాక్ అంటే స్టార్ ట్రెక్ పాత్ర అనిపిస్తుంది, నిజానికి అది కనిపెట్టినాయన పిల్లి పేరు, ఆ గోల తరువాత వచ్చిన మాట ఇది. భూమికి దగ్గరగా వచ్చేవాటికి పురాణాల పేర్లు అడుగుతారు. మెయిన్ బెల్ట్‌లో ఆ పట్టింపు లేదు, శాస్త్రవేత్తలు, కవులు, గాయకులు, ఊళ్ళు, నదులు, ఏదైనా సరే. పాగ్‌సన్ కాలంలో దేవతల పేర్లే పెట్టాలనేవాళ్ళు. ఆయన ఆక్స్‌ఫర్డ్‌లో ఉండగా 1856లో కనిపెట్టిన 42 ఐసిస్‌కి ఈజిప్టు దేవత పేరు పెట్టినట్టే ఉంటుంది కానీ, ఆయన కూతురి పేరూ ఐసిసే. ఆ అమ్మాయి పెద్దయ్యాక మద్రాసు అబ్జర్వేటరీలోనే ఉద్యోగం చేసింది.

మన పేర్లకి చిక్కు వచ్చేది అక్షరాల లెక్క దగ్గర. మద్రాసు మెడికల్ కాలేజీలో చదివిన యల్లాప్రగడ సుబ్బారావు పేరు ప్రతిపాదించాలనుకోండి. ఆయన రాసుకున్న వర్ణక్రమంలో ఇంటిపేరుకి 12, పేరుకి 8, మధ్య ఖాళీ ఒకటి, మొత్తం 21. ఏదో ఒకటే మిగులుతుంది. ఇంటిపేరు ఉంచుకుంటేనే ఎవరో గుర్తుపడతారు, సుబ్బారావులు వేలమంది. అన్నమాచార్యకి 12, వీరేశలింగానికి 13, ఇబ్బంది లేదు. ఇంకో నియమం రాజకీయాలది. రాజకీయ, సైనిక కార్యకలాపాలతో ప్రసిద్ధులైనవాళ్ళ పేరు వాళ్ళు చనిపోయిన నూరేళ్ళ దాకా పెట్టరు. మైలాపూరులో 1952 డిసెంబరు 15న నిరాహారదీక్షలో ప్రాణం విడిచిన పొట్టి శ్రీరాములు పేరు పంపితే బృందం దాన్ని ఈ నియమం కిందే చూసే అవకాశం ఎక్కువ. అంటే 2052 చివరిదాకా ఆగాలి.

పేరుతో పాటు రెండు మూడు వాక్యాల వివరణ ఇంగ్లీషులో పంపాలి. ఎవరు, ఏం చేశారు, ఎప్పటివారు, అంతే. బిరుదులు, పొగడ్తలు కొట్టేస్తారు. ఆమోదమైతే 2021 నుంచి వెలువడుతున్న ఆ బృందం బులెటిన్‌లో అచ్చవుతుంది. అచ్చయ్యేదాకా అది పేరు కాదు కాబట్టి పత్రికలవాళ్ళకి ముందే చెప్పకండి.